ప్రశంసకూ ప్రమాణానికీ మధ్య: ‘వీరపాండియ కట్టబొమ్మన్’ చిత్రంపై ఒక పరిశీలన

ప్రస్తావన

నిజజీవిత కథతో తీసిన సినిమాకు పేరొచ్చినప్పుడు ఆ మెప్పు నటనకు ఎంత, చిత్రణకు ఎంత, చెప్పిన చరిత్రకు ఎంత అని విడదీసి చూసేవారు తక్కువ. నటుడు ప్రాణం పోశాడు కాబట్టి జరిగింది కూడా అలాగే అయి ఉంటుందని నమ్మేస్తాం. ఇలాంటి సినిమాలకు దక్కుతున్న గౌరవం అర్హతకు మించినదా అన్న ప్రశ్నను మదురై సీమ తెలుగు పాలెగాళ్ల కథ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బోడినాయకనూరు నేపథ్యం

మదురై నాయకుల నాటి 72 పాలేల్లో బోడినాయకనూరు ఒకటి. తమ పూర్వీకులు 1336లో గుత్తి నుంచి వలస వచ్చారని ఈ జమీందారీ వంశం చెప్పుకునే కథనం. ఈ సీమలోని రాజకంబళం కులంవారికి ఇంటి మాట తెలుగు, చదువు తమిళం. పాంచాలంకురిచి పాలెగాడు కట్టబొమ్మన్‌దీ, ఎట్టయపురం పాలెగాడు ఎట్టప్పదీ ఈ కంబళమే. అంటే తెర మీద వీరుడుగా, ద్రోహిగా కనిపించే ఇద్దరూ ఒకే కులం వాళ్లు, ఇంట్లో ఒకే భాష మాట్లాడినవాళ్లు.

తెర మీద, రికార్డుల్లో

బి.ఆర్. పంతులు తీసిన ‘వీరపాండియ కట్టబొమ్మన్’ 1959లో విడుదలైంది. 1960లో కైరోలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో, కట్టబొమ్మన్‌గా నటించిన శివాజీ గణేశన్‌కు ఉత్తమ నటుడి బహుమతి తెచ్చింది. కలెక్టర్ జాక్సన్‌ను కట్టబొమ్మన్ నిలదీసే ఘట్టాన్ని నేటికీ జనం కంఠతా చెబుతారు.

అసలు జరిగినదాని తీరు వేరు. 1798లో కిస్తు బకాయిల విషయం మాట్లాడడానికి కట్టబొమ్మన్ ఈస్టిండియా కంపెనీ కలెక్టర్ జాక్సన్ వెంట మజిలీ మజిలీకీ తిరిగాడు. చివరికి సెప్టెంబరులో రామనాథపురంలో దర్శనం దొరికింది. అక్కడ అతన్ని నిలబెట్టి విచారించారు. బయటపడబోతుంటే కోటలో ఘర్షణ జరిగి లెఫ్టినెంట్ క్లార్క్ చనిపోయాడు. తర్వాత మద్రాసు ప్రభుత్వం వేసిన విచారణ సంఘం కట్టబొమ్మన్ తప్పు లేదని తేల్చింది, జాక్సన్ పదవి పోయింది. కంపెనీ దగ్గరే న్యాయం అడిగి, పొంది, అయినా ఏడాది తిరిగేసరికి దానితోనే యుద్ధానికి దిగాల్సివచ్చిన మనిషి కథ ఇది. మొదటి నుంచీ గర్జించే వీరుడి కథ కంటే ఇది లోతైనది. ఆ లోతును సినిమా వదులుకుంది.

రెండో మార్పు ఇంకా బరువైనది. 1799 సెప్టెంబరులో కంపెనీ అధికారి బ్యానర్‌మన్ సేన పాంచాలంకురిచి మీద పడ్డాక కట్టబొమ్మన్ తప్పించుకున్నాడు. ఎట్టయపురం బలగం కంపెనీ పక్షాన అతన్ని తరిమిన మాట నిజం. అయితే అతన్ని పట్టి అప్పగించింది పుదుకోట రాజు తొండైమాన్. అక్టోబరు 16న కయత్తారులో, తోటి పాలెగాళ్లను పిలిపించి వాళ్ల ఎదుటే ఉరితీశారు. సినిమా మాత్రం ద్రోహిగా ప్రధానంగా ఎట్టప్పనే నిలబెట్టింది. తమిళనాట ఆ పేరు ద్రోహానికి మారుపేరుగా స్థిరపడడంలో సినిమా వాటా పెద్దది. కానీ వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు చివరి రోజులు గడిపింది ఆ ఎట్టయపురం సంస్థానంలోనే. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో 1904లో అచ్చయింది కూడా ఆ సంస్థానం అండతోనే. ఒక్క పాత్రచిత్రణ ఇంతటి చరిత్రను కమ్మేసింది.

సినిమా కథ సినిమాతో ఆగిపోదు కూడా. కయత్తారులో స్థలం కొని 1970లో కట్టబొమ్మన్ విగ్రహం పెట్టించింది శివాజీ గణేశనే. 1974లో ప్రభుత్వం పాంచాలంకురిచిలో స్మారక కోట కట్టించింది. మరుగున పడబోయిన పోరాటాన్ని జనంలోకి తెచ్చిన ఘనత సినిమాకు దక్కాల్సిందే. దానితోపాటు సినిమా చేసిన మార్పులు కూడా చరిత్రగా చెలామణి అయ్యాయి.

ఒక పోలిక

విమానయాన సంస్థ స్థాపించిన కెప్టెన్ గోపీనాథ్ జీవితం ఆధారంగా సుధ కొంగర తీసిన ‘సూరరై పోట్రు’ (2020, తెలుగులో ‘ఆకాశం నీ హద్దురా’) అయిదు జాతీయ అవార్డులు పొందింది. కర్ణాటకలోని గొరూరు మనిషిని సినిమా మదురై దగ్గరి చోళవందాన్ వాసిగా మార్చింది. కథలో కల్పన చాలా ఉందని, అయినా తన ఆత్మకథ సారాన్ని పట్టుకుందని గోపీనాథే బహిరంగంగా చెప్పారు. ప్రేక్షకుడికి ఆ మాట అందింది. తన వైపు నుంచి అలా చెప్పుకోవడానికి ఎట్టప్ప 1959 నాటికి బతికి లేడు. కాబట్టి కల్పన ఎంత అన్న లెక్క ఒక్కటే సరిపోదు. ఆ కల్పన వల్ల ఎవరి పేరు పోయింది, వాళ్లకు జవాబు చెప్పుకునే వీలుందా అన్నది అసలు కొలత.

ముగింపు

కళగా ‘వీరపాండియ కట్టబొమ్మన్’కు వచ్చిన కీర్తి న్యాయమైనదే. చరిత్రకు సాక్ష్యంగా దానికిచ్చిన విలువ మాత్రం అర్హతకు మించినది. ఈ రెండు లెక్కలనూ విడిగా వేయడం విమర్శకుల బాధ్యత, అవార్డు సంఘాల బాధ్యత. బోడినాయకనూరు, ఎట్టయపురం, పాంచాలంకురిచి కంబళం వారి ఇళ్లలో తెలుగులో చెప్పుకునే వంశ కథనాలను, అవి చెప్పగల పెద్దలు ఉండగానే, మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు రికార్డు చేసి, కంపెనీ పత్రాలతో సరిచూసి ప్రచురించాలి.