పేరు చెక్కిన రాయి, లెక్క చెక్కిన పలక

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, సైనికులను పంపిన ఊళ్ళలో బ్రిటిష్ ప్రభుత్వం రాతి పలకలు పెట్టించింది. మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెల్లోనూ అవి వెలిశాయి. దాదాపు అన్నిటి మీదా ఒకటే వరస: ఈ ఊరి నుంచి 1914-1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు. ఊరూరికీ మారేది అంకె మాత్రమే. ఎక్కువ పలకల మీద పోయినవాడి పేరు ఉండదు.

ఊరి యుద్ధ స్మారకం మనకు దొరలు నేర్పిన ఆచారం అనుకునేవాళ్ళు చిత్తూరు సీమలో ఓసారి తిరిగి రావాలి. ఇక్కడ ఆ పని వెయ్యేళ్ళ ముందే జరిగింది. అదీ పేరు పెట్టి.

ఆ సీమ అంచున 2008లో మొదలైన పారిశ్రామిక వాడ శ్రీ సిటీలో ఇప్పుడు కార్లకు, యంత్రాలకు, చాక్లెట్లకు ఫ్యాక్టరీలున్నాయి. అది విస్తరించిన సత్యవేడు, వరదయ్యపాలెం మండలాలు పాత తొండైమండలంలోని నేల. సత్యవేడు ప్రాంతం 1960 ఏప్రిల్ 1న, ఆంధ్ర, మద్రాసు సరిహద్దుపై వచ్చిన పటాస్కర్ తీర్పు ప్రకారం, చెంగల్పట్టు జిల్లా నుంచి చిత్తూరులోకి వచ్చింది. హద్దులు కదలడం ఈ సీమకు కొత్త కాదు. పల్లవులు, బాణులు, వైదుంబులు, నొలంబులు, గాంగులు, చోళులు దీనికోసం తన్నుకున్నారు. శ్రీ సిటీకి నైరుతిగా, అరక్కోణం దగ్గరి తక్కోలంలో 949లో రాష్ట్రకూటుల చేతిలో చోళులు ఓడిపోయారు. యువరాజు రాజాదిత్యుడు ఏనుగు మీదే నేలకొరిగాడు.

రాజు పోతే గుడి కట్టేవారు. శ్రీకాళహస్తి దగ్గరి తొండమనాడులో చోళ ఆదిత్యుడి స్మారకంగా కొడుకు పరాంతకుడు కట్టించిన శివాలయం ఇప్పటికీ ఉంది. మరి మందను కాపాడబోయి బాణం తగిలి పడిపోయిన పల్లెవాడికో? వాడికి రాయి. దాన్నే వీరగల్లు అంటారు.

పుంగనూరు, మదనపల్లె వైపు ఇవి విరివిగా దొరికాయి. ఆ ప్రాంతపు శాసనాల్లో పదే పదే వినిపించే పేరు సోరెమడి పోరు. బాణులు, వైదుంబులు ఒకవైపు, నొలంబులు, గాంగులు మరోవైపు నిలిచిన ఆ యుద్ధంలో చచ్చిపోయిన బంట్లకు వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో రాళ్ళు నిలిపారు. పాత వీరగల్లు సాదాగా ఉంటుంది: విల్లో, కత్తీ డాలో పట్టుకుని కాలు ముందుకు వేసిన మనిషి, చుట్టూ నాలుగు ముక్కల శాసనం. ఏ రాజు కాలం, ఎవరి మీదికి ఎవరు వచ్చారు, ఇతను ఎవరి కొడుకు, ఎలా పడ్డాడు. తర్వాతి కాలంలో శిల్పి రాతిని అంతస్తులుగా చీల్చాడు. కింద పోరు, నడుమ అప్సరసలు మోసుకుపోతున్న వీరుడు, పైన శివుడి సన్నిధి. అన్నిటికీ మీద సూర్యచంద్రులు, వాళ్ళున్నంత కాలం కీర్తి ఉంటుందని.

యుద్ధమే అక్కర్లేదు. ఆవుల మందలు తోలుకుపోయే దొంగల్ని అడ్డుకున్నవాడికి, పులితో కలియబడ్డవాడికి కూడా రాయి దక్కేది. కర్ణాటకలోని ఆతకూరులో కాళి అనే వేటకుక్క అడవిపందితో పోరాడి చనిపోతే దానికీ రాయి నాటారు. తక్కోలం యుద్ధం సంగతి చెప్పే శాసనం ఆ రాతి మీదే ఉంది! చరిత్రకారులు ఇప్పటికీ ఆ కుక్కకు రుణపడి ఉన్నారు.

రాయితో సరిపెట్టేవారు కాదు. పోయినవాడి ఇంటికి పొలం ఇచ్చేవారు. కన్నడ శాసనాలు దాన్ని నెత్తరు కొడగె అంటాయి. వీరమరణానికి పింఛను అన్నమాట.

చిత్తూరు సీమ రాళ్ళు తమిళం, కన్నడం, తెలుగు మూడూ మాట్లాడతాయి. ఏ ఊళ్ళో ఏ భాష చదివేవారో, ఏ రాజు అధికారం ఎంతవరకు నడిచిందో తేల్చడానికి ఇవే సాక్ష్యం. అందుకే రాయి ఎంత ముఖ్యమో అది నిలబడ్డ చోటూ అంతే ముఖ్యం. చెరువు గట్టున ఉన్నదాన్ని తెచ్చి పార్కులో పచ్చగడ్డి మీద వరసగా నిలబెడితే చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఏ ఊరి మంద, ఏ పొలిమేర అన్న సంగతి అక్కడే తెగిపోతుంది. అలాగని ఉన్నచోటే వదిలేస్తే క్షేమమా అంటే, అదీ కాదు. కొన్ని పసుపు కుంకుమలతో ఊరి దేవుళ్ళయి బతికాయి, కొన్ని చాకిరేవు బండలయ్యాయి. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళకు వీరగల్లు అడ్డుగా ఉన్న బండే. నూరేళ్ళు దాటిన శాసనం, శిల్పం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. ఆ సంగతి పొక్లెయిన్ నడిపే కుర్రాడికి చెప్పేదెవరు? తీయక తప్పనప్పుడు ముందు అచ్చు తీసి, ఫొటో, సర్వే నంబరు రాసి పెట్టి, ఆ ఊరి పరిధిలోనే నిలపడం మేలు.

వీరుల్ని ఉన్నచోటే తలుచుకునే విషయంలో పల్నాటిలోని కారంపూడి అదృష్టం చేసుకుంది. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో పోయినవారికి నాగులేటి దగ్గర వీరుల గుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు జరుగుతాయి. వీరుల ఆయుధాలను కొణతాలంటారు. వాటిని పట్టుకుని ఊరూరి నుంచి ఆచారవంతులు వస్తారు, వీరవిద్యావంతులు కథ పాడతారు.

సోరెమడిలో పడిన బంట్లకు అలాంటి తిరునాళ్ళ ఏదీ మిగల్లేదు. వాళ్ళ పేర్లు శాసన సంపుటాల్లో ఉన్నాయి. రాళ్ళు కొన్ని ఇంకా పొలాల్లోనే ఉన్నాయి.