దీపాలార్పి చూపిన ఊళ్లు

1953 మే 29న ఎవరెస్టు కొసన నిలబడి ఎడ్మండ్ హిల్లరీ చొక్కా లోపలి నుంచి చిన్న కెమెరా ఒకటి బయటికి తీశాడు. చలికి బిగుసుకుపోకుండా దాన్ని ఒంటి వెచ్చదనంలో దాచుకుని వచ్చాడు. కెమెరా పేరు కొడాక్ రెటీనా, అందులో ఉన్నది కొడాక్రోమ్ రంగుల రీలు. టెన్సింగ్ నార్గే మంచుగొడ్డలికి నాలుగు జెండాలు కట్టి పైకెత్తాడు. ఐక్యరాజ్య సమితిది, బ్రిటన్‌ది, నేపాల్‌ది, మనది. హిల్లరీ మీట నొక్కాడు, తన బొమ్మ మాత్రం తీయించుకోలేదు. శిఖరం ఎక్కారన్న వార్త జూన్ 2 ఉదయానికే లండన్ పత్రికకెక్కింది. బొమ్మకు అంత తొందర కుదరలేదు. రీలు కొండ దిగి, దేశాలు దాటి, ల్యాబు చేరి కడిగించుకుంటే తప్ప అందులో ఏముందో తీసినవాడికే తెలియదు.

ఆ రోజుల్లో యాత్రకు వెళ్లినవాళ్లందరిదీ ఇదే పరిస్థితి. ఎవరెస్టు ఎక్కినా, పక్క రాష్ట్రంలో జలపాతం చూసొచ్చినా, రంగులు కళ్లబడాలంటే వారాలు ఆగాల్సిందే. ఆగిన తర్వాతైనా చేతికొచ్చేది ఆల్బంలో అతికించుకునే ప్రింటు కాదు. అట్ట చట్రంలో బిగించిన, 36 మిల్లీమీటర్ల పొడవూ 24 మిల్లీమీటర్ల వెడల్పూ ఉన్న ఫిల్ము ముక్క. దాన్ని నలుగురికీ చూపించాలంటే తెర కావాలి, ప్రొజెక్టరు కావాలి, గది చీకటి కావాలి, అన్నిటికంటే ముందు ఆ నలుగురూ ఇంటికి రావాలి. యాత్రా ఛాయాచిత్రాలను పంచుకోవడం కొన్ని దశాబ్దాల పాటు ఒక పేరంటంలా సాగడానికి కారణం మనుషుల సరదా ఒక్కటే కాదు, ఆ ఫిల్ము తయారైన తీరు కూడా.

ఊరు చూసొచ్చినవాడికి చూడనివాళ్లకు చూపించాలన్న తహతహ ఫోటో కంటే పాతది. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీ వెళుతూ దారిలో చూసిందల్లా చెన్నపట్నంలోని మిత్రుడికి రాసి పంపాడు. ఆ రాతలే 1838లో పుస్తకంగా వచ్చాయి. పందొమ్మిదో శతాబ్దం చివరికి అమెరికాలో ఈ పని దీపపు పెట్టెలకు, గాజు పలకలకు చేరింది. బర్టన్ హోమ్స్ అనే యాత్రికుడు చేత్తో రంగులద్దించిన పలకలను తెర మీద చూపిస్తూ ఊరూరా ఉపన్యాసాలిచ్చేవాడు. జీవితకాలంలో ఎనిమిది వేలకు పైగా ఇచ్చాడంటారు. ‘ట్రావెలాగ్’ అన్న మాట వాడుకలోకి వచ్చింది కూడా 1904లో ఆయన ప్రదర్శనలతోనే. జనం టిక్కెట్టు కొని వచ్చేవారు.

అద్దిన రంగులు కాక అసలు రంగులు కావాలంటే 1907 దాకా ఆగాలి. ఫ్రాన్సులో లూమియేర్ సోదరులు ఆ ఏడు ‘ఆటోక్రోమ్’ పలకలను బజారులో పెట్టారు. బంగాళాదుంప పిండి రేణువులకు మూడు రంగులు పట్టించి, గాజు మీద పరచి చేసిన పలకలవి. వాటిని నమ్ముకుని ఆల్బర్ట్ కాన్ అనే పారిస్ బ్యాంకరు 1909లో భూగోళం మొత్తాన్ని రంగుల్లో పోగు చేయాలని తలపెట్టాడు. సొంత డబ్బుతో యాభై దేశాల దాకా ఫోటోగ్రాఫర్లను పంపాడు, 72,000 పలకలు సేకరించాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే ఆయన మనుషులు భారతదేశం కూడా వచ్చి వెళ్లారు. ఈ బొమ్మలను కాన్ పారిస్ పక్కన బులోన్‌లోని తన భవనంలో, పిలిచిన అతిథులకు చూపించేవాడు. 1921లో రవీంద్రనాథ ఠాగూరు అక్కడికి వెళితే ఆయన రూపాన్నీ రంగుల్లో పట్టుకున్నారు. 1929 నాటి షేర్ల పతనంలో కాన్ ఆస్తి కరిగిపోయి, రెండేళ్లకు ఆ పని ఆగిపోయింది. ప్రపంచాన్ని ఇంటికి తెచ్చుకోవడం అప్పటికింకా కోటీశ్వరుల వ్యవహారమే.

దాన్ని మధ్యతరగతి చావిట్లోకి దించినవాళ్లు ఇద్దరు సంగీతకారులు. లియొపోల్డ్ మాన్స్ పియానో విద్వాంసుడు, లియొపోల్డ్ గొడావ్‌స్కీ జూనియర్ వయొలిన్ వాయించేవాడు. బడి వయసులోనే ఓ రంగుల సినిమా చూసి, రంగులేం బాగా లేవనుకుని, అంతకంటే మేలుగా చేయగలమని పంతం పట్టారు. వంటిళ్లలో, స్నానాల గదుల్లో మొదలైన ప్రయోగాలు 1930లో కొడాక్ పరిశోధనశాలకు చేరాయి. చీకటిగదిలో గడియారం కనిపించదు కదా, అందుకని బ్రామ్స్ సింఫనీ చివరి భాగాన్ని లయ తప్పకుండా ఈల వేస్తూ ఫిల్ము ఎంతసేపు నానాలో లెక్క కట్టేవారట. 1935లో కొడాక్రోమ్ సినిమా ఫిల్ముగా వచ్చింది, మరుసటి ఏడు 35 మిల్లీమీటర్ల కెమెరాల్లోకి వచ్చింది. మొదట్లో రంగులు తొందరగా వెలిసిపోయేవి. 1938లో కడిగే పద్ధతి మార్చాక ఆ బాధ తీరింది.

కొడాక్రోమ్ రీలులో అసలు రంగే ఉండదు. ఒకదాని మీద ఒకటిగా మూడు నలుపు-తెలుపు పొరలు. ఒక్కో పొర ఒక్కో రకం వెలుతురును పట్టుకుంటుంది. ఆ పొరలకు తగిన రంగులు ఎక్కేది ల్యాబులో కడిగేటప్పుడే. ఆ కడగడం డజనుకు పైగా మెట్లున్న వ్యవహారం. వేడి కాస్త అటూఇటూ అయినా చెడుతుంది, రసాయనాలను కనిపెట్టుకుని ఉండడానికి చదువుకున్న రసాయనవేత్త కావాలి. ఊరి స్టూడియో అతను పెరట్లో చేసే పని కాదది. అందుకే అమెరికాలో 1954 దాకా రీలు ధరలోనే కడిగే ఖర్చూ కలిపి కొడాక్ అమ్మింది. వాడిన రీలు పోస్టులో వేస్తే స్లైడులు పోస్టులోనే తిరిగి వచ్చేవి. ఈ గుత్తాధిపత్యం మీద ప్రభుత్వం కోర్టుకెక్కాకే ఇతర ల్యాబులకు దారి తెరుచుకుంది.

ఇంకో సంగతి, దీనికి నెగెటివు లేదు. కెమెరాలో వెలుతురు తాకిన ఫిల్మే కడిగాక స్లైడు అవుతుంది. అది పోతే యాత్ర పోయినట్టే. చుట్టాలకు తలా ఒకటి పంచి పెట్టే వీలు లేదు. చూసేవాళ్లే దాని దగ్గరికి రావాలి.

కాశీ వెళ్లొచ్చిన కుటుంబం బంధువులను పిలిచి, గంగ చెంబుకు పూజ చేసి, సమారాధన పెట్టి, కాశీదారాలు పంచడం తెలుగునాట తెలిసిన ఆచారమే. అమెరికా, ఆస్ట్రేలియా ఇళ్లలో 1950, 60లలో జరిగిన స్లైడు సాయంత్రాలు దానికి దగ్గరి చుట్టాలు. పిలుపు, భోజనం, ఆ తర్వాత యాత్రా వైభవం. తేడా అల్లా ఇక్కడ తీర్థం పుచ్చుకుని ఇంటికి పోవచ్చు. అక్కడ ఆఖరి స్లైడు పడేదాకా లేవడం మర్యాద కాదు.

ఆ సాయంత్రాలు కళ్లకు కట్టాలంటే ప్రొజెక్టరుతో పడే అవస్థలు తెలియాలి. స్లైడును తలకిందులుగా పెడితేనే తెర మీద నిటారుగా పడుతుంది. ఒక స్లైడును ఎనిమిది రకాలుగా దూర్చవచ్చు, వాటిలో సరైనది ఒక్కటే. చర్చి గోపురం నేలను చూస్తూ పడిందని అందరూ నవ్వాక మళ్లీ తీసి పెట్టడం మామూలే. తెలివైనవాళ్లు చట్రం మూలన బొటనవేలు పడేచోట చుక్క పెట్టుకునేవారు. దీపం వేడికి అట్ట చట్రంలోని ఫిల్ము ఉబ్బి, చూస్తుండగానే బొమ్మ మసకబారేది. మళ్లీ కుదురుకునే వరకు ఇంటాయన ఏదో ఒకటి చెప్పి కాలక్షేపం చేయాలి. నిజానికి సాయంత్రాన్ని నిలబెట్టేది ఆ మాటలే. తెర మీద ఉన్నది ఒక వంతెన. ఆ వంతెన మీద కారు చెడిపోయిందనీ, ఊరివాళ్లెవరో వచ్చి తోశారనీ బొమ్మలో లేదు.

1961లో కొడాక్ ‘కేరొసెల్’ ప్రొజెక్టరు తెచ్చింది. రంగులరాట్నంలా తిరిగే గుండ్రటి పళ్లెంలో 80 స్లైడులు పడతాయి. మీట నొక్కితే పళ్లెం ఒక అర జరిగి, స్లైడు తన బరువుకే దీపం ముందుకు జారుతుంది. ముందే సర్దుకుంటే తలకిందుల తంటా లేదు. అవస్థ తగ్గినకొద్దీ బొమ్మలు పెరిగాయి. ఒక్కోటి చేత్తో దూర్చే రోజుల్లో ఆయాసమే ఎడిటరు పని చేసేది. పళ్లెం వచ్చాక ఎనభై అరలు ఖాళీగా ఉంచడానికి ఎవరికీ మనసొప్పలేదు. తర్వాత 140 పట్టే పళ్లెం కూడా వచ్చింది. యాత్రా స్లైడుల సాయంత్రం అనగానే ఆవులింత గుర్తొచ్చే హాస్యం పాశ్చాత్య దేశాల్లో అంతగా పాతుకుపోవడంలో ఈ యంత్రం వాటా తక్కువది కాదు.

ఆవులింతకు ఇంకో కారణం, అందరి బొమ్మలూ ఒకేలా ఉండడం. తొలి కొడాక్రోమ్‌ల వేగం, అంటే వెలుతురును పట్టుకునే శక్తి, చాలా తక్కువ, 10 ఏ.ఎస్.ఏ. 1961లో వచ్చిన కొత్త రకానిది కూడా 25 మాత్రమే. మబ్బు పట్టినా, పొద్దు వాలినా చేయి కదలకుండా తీయడం కష్టం. వీపు వెనక ఎండ ఉండేలా నిలబడి తీయమన్నది అప్పటి ఉపదేశం. కాబట్టి ఆ తరం యాత్రలన్నీ చురుక్కుమనే ఎండలోనే జరిగినట్టు కనిపిస్తాయి. పైగా కొడాక్రోమ్‌కు ఎరుపంటే ప్రీతి. నేషనల్ జియోగ్రాఫిక్ ఫోటోగ్రాఫర్లు ఎక్కడికెళ్లినా ఎర్రచొక్కా మనిషినొకణ్ణి కొండ ముందు నిలబెడతారని 1950లలో ఎగతాళి చేసేవారు. అదే పత్రిక బృందం 1940ల చివర యూటా రాష్ట్రంలో ఎర్రరాళ్ల లోయ ఒకటి చూసి, దానికి కొడాక్రోమ్ అనే పేరు పెట్టింది. ఇప్పటికీ అది కొడాక్రోమ్ బేసిన్ స్టేట్ పార్కే.

ఎక్కడ నిలబడాలో, ఏది తీయాలో నేర్పడానికి కొడాక్ తన వంతు చేసింది. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌లో 1950 నుంచి 1990 దాకా 18 అడుగుల ఎత్తు, 60 అడుగుల పొడవున్న వెనకదీపాల రంగుల చిత్రాన్ని వేలాడదీసింది. దాన్ని ‘కలరామా’ అనేవారు. మొత్తం 565 బొమ్మలు మారాయి. చాలా బొమ్మల్లో లోయో, బీచో, ఆ పక్కనే దాన్ని ఫోటో తీస్తున్న కుటుంబమో ఉండేది. ప్రయాణానికి వచ్చినవాళ్లు ఏం చేయాలో అందులోనే ఉందన్నమాట.

మన దగ్గర కథ వేరు. దిగుమతుల ఆంక్షల కాలంలో రంగుల రీలు దొరకడమే గగనం. తెలుగు ప్రేక్షకులకు స్లైడు అంటే ఇంటి తెర మీద స్విట్జర్లాండు కాదు, సినిమా హాల్లో ఆట మొదలయ్యే ముందు పడే బట్టల కొట్టు ప్రకటన, ‘పొగ తాగరాదు’ హెచ్చరిక. 1965 వలస చట్టం తర్వాత అమెరికా వెళ్లిన తెలుగు డాక్టర్లకు, ఇంజనీర్లకు స్లైడులు అందుబాటులోకి వచ్చినా, ప్రొజెక్టరు లేని ఊరికి స్లైడు పంపి లాభం లేదు. కవరులో పెట్టి పంపడానికి ప్రింటే పనికొస్తుంది.

ఈ లేమిలోంచే రంగుల ఫిల్ము మీద భారతదేశాన్ని అందరికంటే గాఢంగా చూసినవాడు వచ్చాడు. జైపూరులో 1942లో పుట్టిన రఘుబీర్ సింగ్ విదేశీ పత్రికల పని మీద కొడాక్రోమ్ సంపాదించి, వాడిన రీళ్లను దేశం బయట కడిగించుకునేవాడు. గంగ వెంట, కాశీ ఘాట్ల వెంట, గ్రాండ్ ట్రంక్ రోడ్డు వెంట ఏళ్ల తరబడి తిరిగాడు. అంబాసిడర్ కారు కిటికీని, అద్దాన్ని చట్రంగా చేసుకుని తీసిన బొమ్మలతో ఒక పుస్తకమే ఉంది. నలుపు-తెలుపే కళ, రంగులు వ్యాపారం అని పడమటి పెద్దలు అనుకుంటున్న రోజుల్లో, భారతీయుడి చూపుకు రంగు సహజమని ఆయన వాదించాడు. ఎండ మండే ఊరి బొమ్మలే అవి కూడా, కానీ ఎర్రచొక్కాను ఎవరూ తెచ్చి నిలబెట్టనక్కర్లేదు. ఆయన యాత్ర గది తెర మీదికి కాక పుస్తకాల్లోకి వెళ్లింది. 1999లో ఆయన చనిపోయేనాటికి డజను దాకా వచ్చాయి.

స్లైడుకు సొంత విషాదం ఒకటుంది. రంగుల ఫోటోల ఆయుష్షు మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేసిన హెన్రీ విల్‌హెల్మ్ తేల్చినదేమిటంటే, చీకటి పెట్టెలో దాచితే కొడాక్రోమ్‌ను మించి నిలిచే రంగుల ఫిల్ము ఆ కాలంలో లేదు. ప్రొజెక్టరు వెలుతురులో పెడితే మాత్రం ఎక్టాక్రోమ్, ఫూజీక్రోమ్ లాంటి ఇతర స్లైడు ఫిల్ముల కంటే ముందు వెలిసేదీ అదే. నలుగురూ అడిగి మళ్లీ మళ్లీ వేయించుకున్న స్లైడు పాలిపోతుంది. ఎవరికీ పట్టని పార్కింగు స్థలం బొమ్మ కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. ఇప్పుడు పాత సామాన్ల అంగళ్లలో దొరికే స్లైడుల్లో మందకొడి బొమ్మలే ఎక్కువగా కళకళలాడడం వింతేమీ కాదు.

అలా అంగళ్లకు చేరిన పెట్టెలను 2017 నుంచి లీ షుల్మన్ పారిస్‌లో ‘అనానిమస్ ప్రాజెక్ట్’ పేరుతో లక్షల్లో పోగు చేస్తున్నాడు. బొమ్మలున్నాయి, పేర్లు లేవు. చెప్పేవాళ్లు పోయాక ఆ వంతెన ఏ ఊరిదో, కారు ఎందుకాగిందో ఎవరికీ తెలియదు. దీనికి పూర్తిగా ఎదురు చార్లెస్ కుష్‌మన్ సంగతి. ఇండియానా రాష్ట్రంలో 1896లో పుట్టిన ఈ ఔత్సాహికుడు 1938 నుంచి 1969 దాకా తిరిగిన చోటల్లా తీసిన స్లైడులు దాదాపు 14,500. ఏ తేదీన ఎక్కడ ఏం తీశాడో చిన్న నోటు పుస్తకాల్లో రాసిపెట్టుకున్నాడు. అన్నీ తాను చదివిన ఇండియానా విశ్వవిద్యాలయానికి రాసిచ్చాడు. కూల్చేసిన వీధులు, మూతపడ్డ మార్కెట్లు ఇవాళ చరిత్రకారులు గుర్తుపట్టగలుగుతున్నారంటే బొమ్మల రంగు ఎంత కారణమో, ఆ నోటు పుస్తకాలూ అంతే కారణం.

డిజిటల్ కెమెరాలొచ్చాక కేరొసెల్ తయారీ 2004లో ఆగింది. 2009 జూన్‌లో కొడాక్రోమ్‌నూ ఆపేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చివరి రీలును స్టీవ్ మెక్‌కరీ అనే ఫోటోగ్రాఫరు అడిగి తీసుకున్నాడు. ఉన్నవి 36 బొమ్మలు. న్యూయార్కులో కొన్ని, ముంబయిలో సినిమావాళ్లవి కొన్ని, రాజస్థాన్‌లో రబారీ తెగవాళ్లవి కొన్ని తీసి, కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్ అనే చిన్న ఊళ్లో రీలు ముగించాడు. ప్రపంచం మొత్తానికి కొడాక్రోమ్ కడిగే ల్యాబు అప్పటికి ఆ ఊళ్లోని డ్వేన్స్ ఫోటో ఒక్కటే. 2010 డిసెంబరు 30 తర్వాత రీళ్లు తీసుకోబోమని వాళ్లు చెప్పేసరికి జనం అటకలు వెతికి పంపారు. రైలు బండ్ల ఫోటోలంటే ప్రాణమిచ్చే రైల్వే ఉద్యోగి ఒకాయన 1,580 రీళ్లు కడిగించుకుని, దాదాపు పదహారు వేల డాలర్లు చెల్లించి, స్లైడులు కారుకెత్తుకుని వెళ్లాడు. చివరి రీలు కడిగింది 2011 జనవరి 18న.

తయారీ ఆపేసిన ఎక్టాక్రోమ్ 2018లో మళ్లీ బజారుకొచ్చింది. దాన్ని ఏ మంచి ల్యాబైనా కడగగలదు గనుక అది సాధ్యమైంది. కొడాక్రోమ్‌కు ఆ వీలు లేదు, రసాయనాలు లేవు, యంత్రాలు విప్పేశారు. ఇప్పటికీ ఏ తాతగారి పెట్టెలోనో కడిగించని రీలు బయటపడుతూనే ఉంటుంది. వాటిని తీసుకునే ల్యాబులు ఉన్నాయి. రంగులెక్కించే దారి లేదు గనుక ఆ మూడు పొరలను ఉన్నవి ఉన్నట్టు నలుపు-తెలుపుగా కడిగి ఇస్తారు.