రైతు వాకిట్లో బండి ఆపితే

అమెరికాలో రైతు పొలంలోనే కాపురముంటాడు. ఊరు ఒకచోట, పొలాలు ఊరి చుట్టూ ఉండే మనకు ఇది వింతగా తోస్తుంది. 1862లో లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలిస్తూ, అయిదేళ్లు ఆ నేలమీదే ఇల్లు కట్టుకుని సాగుచేస్తే పట్టా అంది. (ఆ నేల అంతకుముందు ఎవరిదో చెప్పాలంటే వేరే వ్యాసం రాయాలి.) ఆ చట్టం కంటే ముందే జనం స్థిరపడ్డ మా న్యూయార్క్ రాష్ట్రం పల్లెపట్టుల్లోనూ తీరు చాలావరకు ఇదే. ఇంటికీ ఇంటికీ మధ్య పొలమే తప్ప రచ్చబండ లేదు, సత్రం లేదు. పొద్దుగూకితే దారినపోయేవాడికి ఎవరో ఒక రైతు వాకిలే దిక్కు.

ఆ వాకిలి ఈమధ్య మళ్లీ తెరుచుకుంది, కొత్త షరతులతో. ఇక్కడివాళ్లు ఆర్వీ అని పిలిచే బండిలో మంచం, పొయ్యి, స్నానాల గది, మురుగునీళ్ల ట్యాంకు అన్నీ ఉంటాయి. అలాంటి బండి ఉన్నవాళ్లకు రాత్రిపూట నిలుపుకోవడానికి చోటు చూపించే సంస్థ హార్వెస్ట్ హోస్ట్స్, 2010లో పుట్టింది. ఏటా చందా కడితే పొలాలు, ద్రాక్షసారా తయారుచేసే వైనరీలు, బీరు కాచే చోట్లు, చిన్న మ్యూజియంల జాబితా చేతికొస్తుంది. ముందుగా అడిగి వెళ్లాలి. ఉండేది మామూలుగా ఒక్క రాత్రే. కరెంటు, నీళ్లు ఇస్తారని ఆశపెట్టుకోకూడదు. రైతుకు అద్దె కట్టనక్కర్లేదు, అతని దగ్గర ఏదో ఒకటి కొనాలి, అంతే. ఫ్రాన్సులో ఇలాంటి ఏర్పాటు ఫ్రాన్స్ పాసియోం పేరుతో 1993 నుంచే ఉంది.

కొత్తదని ఇక్కడివాళ్లు మురిసిపోతారు గానీ, ఈ దేశం ఈ బేరం నూరేళ్ల కిందటే ఒకసారి ఆడి చూసింది. 1908లో ఫోర్డ్ మోడల్-టి కారు వచ్చాక మధ్యతరగతి జనం గుడారాలు కట్టుకుని రోడ్డెక్కారు. హోటల్ ఖర్చు, అక్కడి మర్యాదలు తప్పించుకోవచ్చు. హెన్రీ ఫోర్డ్, థామస్ ఎడిసన్, టైర్ల ఫైర్‌స్టోన్ కూడా అడవుల్లో విడిది చేస్తూ ఫొటోలు దిగారు, వంటవాళ్లను వెంటబెట్టుకునే అనుకోండి. మామూలు జనం మాత్రం రోడ్డు పక్కన కనబడ్డ పొలంలో దిగేవాళ్లు. పండ్లు కోసుకున్నారు, చెత్త వదిలేశారు. రైతులు విసిగి ప్రవేశం లేదని బోర్డులు పెట్టారు.

అప్పుడు పట్టణాలు ముందుకొచ్చాయి. మా ఊళ్లో ఉచితంగా దిగండి, మా దుకాణాల్లో సరుకులు కొనుక్కోండి అన్నాయి. డెన్వర్ నగరం ఓవర్‌లాండ్ పార్కులో పెద్ద శిబిరమే తెరిచింది. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో ఇలాంటి యాత్రికులు టిన్ కాన్ టూరిస్ట్స్ అనే సంఘమే పెట్టుకున్నారు. డబ్బాతిండి తిని, ఖాళీ డబ్బాను కారు రేడియేటర్ మూతకు గుర్తుగా తగిలించుకునేవాళ్లు.

ఆ ఉచితం ఎక్కువకాలం నిలవలేదు. కొనే స్తోమతు లేనివాళ్లు, కూలిపనులు వెతుక్కుంటూ తిరిగేవాళ్లు కూడా ఆ శిబిరాలకు రావడం మొదలైంది. 1920ల నడుమ నుంచి పట్టణాలు పావు డాలరో అర డాలరో రుసుము పెట్టాయి. డబ్బు కోసం కాదు, బీదలను ఏరిపారేయడానికి. శిబిరాల పక్కన చెక్క గదులు లేచాయి, వాటి నుంచి మోటెళ్లు పుట్టాయి. నేడు వాటిలో చాలావాటి యజమానులు గుజరాతీ పటేళ్లన్న సంగతి మీకు తెలిసిందే. నల్లజాతివాళ్లకైతే చాలాచోట్ల ఉచితమూ లేదు, డబ్బిచ్చినా చోటు లేదు. ఎక్కడ నిర్భయంగా రాత్రి తలదాచుకోవచ్చో చెప్పడానికి హార్లెంలో ఉండే విక్టర్ గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936 నుంచి గ్రీన్ బుక్ అనే పుస్తకం అచ్చువేయాల్సి వచ్చింది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాకే దాని అవసరం తీరింది.

మరి రైతు ఇప్పుడెందుకు గేటు తీస్తున్నాడు? మా దగ్గరి ఫింగర్ లేక్స్ ప్రాంతం సంగతి చెబుతాను. ఇక్కడి ద్రాక్ష రైతులు తరతరాలుగా కాంకర్డ్ వంటి స్థానిక రకాలు పండించి పెద్ద కంపెనీలకు అమ్మేవాళ్లు. 1920 నుంచి 1933 దాకా దేశమంతటా మద్యనిషేధం. దాన్నీ తట్టుకున్నారు. 1970ల్లో కంపెనీలు కొనుగోలు తగ్గించేసరికి మాత్రం దిక్కుతోచలేదు. సొంతంగా వైన్ చేసి అమ్ముకుందామంటే లైసెన్సు భారం. 1976లో గవర్నర్ హ్యూ కేరీ సంతకంతో ఫార్మ్ వైనరీ చట్టం వచ్చింది. తన పండుతో తానే వైన్ చేసి, తన గడపలోనే కొనేవాళ్లకు అమ్ముకోవచ్చు. అంతకుముందే యుక్రెయిన్ నుంచి వలసవచ్చిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్, ఈ చలిలో యూరప్ ద్రాక్ష బతకదన్నవాళ్ల ముందే క్యూకా సరస్సు ఒడ్డున దాన్ని బతికించి చూపించాడు. ఇరవైలోపు ఉండే రాష్ట్రపు వైనరీలు ఇప్పుడు నాలుగు వందలు దాటాయి.

గడపలో అమ్మాలంటే గడపకు మనిషి రావాలి. అదీ కిటుకు. సాయంత్రం రుచి చూసినవాడు కారు నడపక్కర్లేకుండా అక్కడే పడుకుంటే, సీసా బదులు పెట్టె కొంటాడు. అద్దె తీసుకుంటే చాలాచోట్ల ఆ పొలం చట్టం కళ్లకు క్యాంప్‌గ్రౌండ్ అవుతుంది. అనుమతులు, మరుగుదొడ్లు, తనిఖీలు అన్నీ మెడకు చుట్టుకుంటాయి. ఉచితమంటే ఆ బెడద చాలావరకు తప్పుతుంది. మా ఇంట్లో మద్యం ముట్టం. నేపుల్స్ అనే చిన్న ఊళ్లో ద్రాక్షతో చేసే ‘పై’ అనే తీపిరొట్టె, ద్రాక్షరసం కొంటాం. దానికి ఏ రైతూ మొహం చిట్లించలేదు.

నాకు ఈ ఏర్పాటు నచ్చుతుంది, కానీ దీన్ని అతిథిధర్మం అనలేను. మాన్యాలు రాసిచ్చి సత్రాలు కట్టించిన మన దాతలు బాటసారి మొలలో ఎంతుందని అడగలేదు. (కులం అడిగిన సత్రాలు ఉన్నాయి, అదీ మరవకూడదు.) ఇక్కడ ఏరివేత గేటు దగ్గర కనబడదు, ముందే జరిగిపోతుంది. చందా సరే, కొత్త మోటర్ హోమ్ ధర లక్ష డాలర్లు దాటడం మామూలే. గుడారం వేసుకునేవాడికి ఈ జాబితాలో చోటు లేదు, మురుగు ట్యాంకు లేదు కాబట్టి. కారులోనే బతుకుతున్న ఇల్లులేనివాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1920ల్లో పావు డాలరు చేసిన పనిని ఇప్పుడు బండి చేస్తోంది. అయినా, ఆ అమ్మకాలతో ఒక చిన్న కమతం బ్యాంకు పాలు కాకుండా నిలబడితే అది మేలే.

సందర్శకుల వీసా మీద ఆర్నెల్లు ఉండడానికి పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకు ఒక్క మాట. నయాగరా, న్యూయార్క్, షాపింగ్ మాల్ ఎలాగూ చూపిస్తారు. ఒక వారాంతం ఆర్వీ అద్దెకు తీసుకుని ఇలాంటి పొలానికి తీసుకెళ్లమని అడగండి. బయల్దేరేముందు నీళ్లు నింపించండి, మురుగు ట్యాంకు డంప్ స్టేషన్‌లో ఖాళీ చేయించండి, చీకటి పడకముందే చేరండి. మీలో వ్యవసాయం తెలిసినవాళ్లుంటే రైతును గిట్టుబాటు ధర గురించి అడగండి, పిల్లలు తర్జుమా చేస్తారు. వచ్చేటప్పుడు మాత్రం ఏదో ఒకటి కొనకుండా రావద్దు.