సుంకపు పద్దులలో చేనేత వస్త్రము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయకమైన వ్యాసమొకటి వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాయువాడను. ఈ గ్రంథాలయపు బల్లయొద్దనే నాలుగు కావ్యములు చదువుకొంటిని. కావున నాకు తెలిసిన లెక్కల మార్గముననే ఈ చరిత్ర చెప్పెదను. చేనును మెట్ట యని వ్రాసిన నొక పన్ను, మాగాణి యని వ్రాసిన వేఱొక పన్ను. సముద్రము దాటు వస్త్రమునకును ఇదే గతి. ఏ పద్దున వ్రాయబడినదో దానినిబట్టియే నేతగాని యింట పొయ్యి వెలుగును.

పాల్కురికి సోమనాథుడు తన ద్విపద కావ్యమున వస్త్రభేదముల పేళ్లను వరుసగా ఏకరువు పెట్టినాడు. కవికి పేరు చాలును. రేవు అధికారికి పేరుతోబాటు సుంకమును కావలయును. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలాత్కారముగ గైకొనుచుండగా, ఆయన నియతమైన సుంకము దప్ప మఱేమియు గొననని ప్రకటించెను. కర్పూరము, ముత్యములు, దంతము, పట్టునూలు మొదలైనవాని ప్రసక్తి అందు కలదు. సుంకము ముందే తెలిసియున్న వర్తకుడు నిర్భయముగ వచ్చును. ఇది పద్దువలన కలిగిన మేలు.

ఇక కీడు చూతము. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్టణమునకు వచ్చిరి. మన తీరమున చిరివేరుతో ఎఱుపు, నీలితో నీలము తేర్చిన అద్దకపు బట్టలు ఉదికినకొలది వన్నె కెక్కునవి. ఐరోపాలో వానికి గిరాకి మిక్కుటమయ్యెను. అచ్చటి ఉన్ని, పట్టు నేతవారు తమ బ్రతుకు చెడుచున్నదని మొఱపెట్టిరి. ఫ్రాన్సు 1686లోనే అద్దకపు బట్టలను నిషేధించెను. ఇంగ్లండు 1700లో శాసనము చేసి, తూర్పుదేశములనుండి వచ్చు అద్దకపు బట్టలను తన ప్రజలు వాడరాదనెను. అట్టివి గిడ్డంగులలో నుంచి పరదేశములకు పంపివేయవలసినదే. కాని తెల్లబట్ట వేఱు పద్దున నుండెను గనుక వచ్చుచునే యుండెను. లండనులో దానిపై అద్దకము వేసికొనిరి. అనగా నేత మనది, అద్దకపు కూలి వారిది. 1721 నాటి చట్టము ఆ అద్దకపు బట్టలను సైతము కట్టరాదనెను. పూర్తిగ నీలమద్దిన బట్టకు మాత్రము మినహాయింపు. నీలపు బట్ట చట్టసమ్మతము. అందు ఎఱ్ఱపువ్వు పూచిన నేరము!

1774లో తమ దేశమున నేసిన నూలుబట్టకు అద్దకము వేసికొనవచ్చునని అనుమతించి, గుర్తుగా అంచున మూడు నీలిపోగులు నేయవలెనని నిర్ణయించిరి. ఆ మూడు పోగులు లేని అద్దకపు బట్ట పరదేశపుదని అధికారి పట్టుకొనును. సుంకపు పద్దును నేతలోనే వ్రాసిరన్నమాట.

రెండు వందల యేండ్లు గడచెను. 1974లో ‘మల్టీ ఫైబర్ అరేంజ్‌మెంట్’ అను ఒడంబడిక అమలులోనికి వచ్చెను. చొక్కాలకొక వర్గము, రవికెలకు మఱొక వర్గముగ విభజించి, ఏ దేశమునుండి ఏ వర్గపు సరకు ఎంత రావచ్చునో సంపన్న దేశములు కోటాలు విధించెను. అయితే ఆ ఒడంబడిక పండ్రెండవ ప్రకరణమున ఒక మంచిమాట కలదు. కుటీరపరిశ్రమలలో నేసిన చేనేత వస్త్రములకును, వానితో చేతిపనిగ చేసిన వస్తువులకును, సంప్రదాయ హస్తకళా వస్త్రములకును తగిన ధ్రువపత్రమున్నచో కోటా వర్తింపదు. ఐరోపాతోడి ఒప్పందములలో చేనేత యనగా చేతితోగాని కాలితోగాని ఆడించు మగ్గముపై నేసినదని నిర్వచించిరి. అమెరికాకు పోవు మన సంప్రదాయ వస్తువుల పత్రముపై ఏనుగు ఆకారపు ముద్ర వేయుచుండిరి. మరమగ్గపు బట్టకు ద్వారము సగము మూసియుండగా, ఆ ముద్ర గల సరకునకు పూర్తిగ తెఱచియుండెను. చేతికి చేయి యని లెక్కలలో గౌరవము దక్కిన కాలమది.

1995 మొదలుకొని కోటాలను క్రమముగ సడలించి, 2005 జనవరి 1 నాటికి పూర్తిగ తొలగించిరి. ద్వారము అందఱకును తెఱచినపుడు ప్రత్యేక ద్వారమునకు విలువ యేమి? ఇక మిగిలినది సుంకముల వర్గీకరణము. 1988 నుండి అమలులోనున్న ప్రపంచ పట్టికలో ప్రతి సరకునకును ఆఱంకెల సంఖ్య యుండును. నూలుబట్టను అందు పత్తి పాలు, చదరపు మీటరునకు రెండు వందల గ్రాములకు మించిన బరువా కాదా, చలువ చేసినదా, రంగులదా, అద్దకపుదా యని విభజింతురు. చేతిమగ్గమా మరమగ్గమా యని ఆ ఆఱంకెలు అడుగవు. తివాచీల విషయమున మాత్రము చేతినేత మాట పట్టికలో కలదు. ఆఱంకెల పిదప ఏ దేశమునకా దేశము అంకెలు చేర్చుకొనవచ్చును. కనుక మార్గము మూసికొనిపోలేదు, అడుగువారు కావలయును.

మన ప్రభుత్వము 2006లో చేనేత ముద్రను ప్రవేశపెట్టెను. పోచంపల్లి, మచిలీపట్టణముల పనితనమునకు భౌగోళిక సూచికయు లభించెను. ఇవి మేలైనవే. కాని ముద్ర చూచి కొనువాడు లేనిచో ముద్ర వ్యర్థము.

చదువరులకు ఒక మనవి. మన గ్రంథాలయమున ఒక పుస్తకము తెఱచి, మన ప్రాంతపు మగ్గములపై నేసిన బట్టల పేళ్లు, పన్నా, నూలు నెంబరు, అంచు, రంగు వృద్ధ నేతవారి నడిగి వ్రాయుదము. సోమనాథుడు పేర్కొన్న బట్టలలో పెక్కింటిని నేడు మనము గుర్తింపజాలకున్నాము. మన తాతల బట్టలకు ఆ గతి పట్టకుండ చూచుట ఈ రజతోత్సవ వత్సరమున మనము చేయదగిన పని. లెక్క వ్రాయుటకు నేను సిద్ధముగ నున్నాను.