తెల్లకార్డు కథ – పట్టుబడినవాళ్ళు, తప్పించుకున్నవాళ్ళు

మొన్న లంచ్‌లో మా టీమ్‌లో ఒకతను "నా టాక్స్ డబ్బులన్నీ దొంగ రేషన్ కార్డులకే పోతున్నాయి" అని ఆవేశపడ్డాడు. నేను మాట్లాడకుండా పెరుగన్నం తింటూ కూర్చున్నా. ఎందుకో చివర్లో చెప్తా.

కథ 1983లో మొదలవుతుంది. ఎన్టీఆర్ రెండు రూపాయలకే కిలో బియ్యం ఇచ్చారు. దాంతో కార్డుకి గిరాకీ పెరిగింది. మెల్లగా ఆ కార్డు బియ్యం సంచీ దాటి బయటికొచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, తెల్లకార్డుంటే ఆపరేషన్ ఉచితం. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, దానికీ తెల్లకార్డు పనికొచ్చేది. అడ్రస్ ప్రూఫ్‌కీ అదే. మన భాషలో చెప్పాలంటే, ఒకే ఫీల్డుని పది పనులకి వాడేశారు. రేషన్ బియ్యం ముట్టనివాళ్ళకి కూడా కార్డు కావాల్సొచ్చింది. చివరికి ఉమ్మడి రాష్ట్రంలో కుటుంబాల కన్నా కార్డులే ఎక్కువైపోయాయి.

దీనికి మందుగా 2005లో కనుపాపల స్కాన్ మొదలుపెట్టారు. తర్వాత ఆధార్ వచ్చింది. 2015 నుంచి ఆంధ్రాలో రేషన్ షాపుల్లో వేలిముద్ర మిషన్లు పెట్టారు. ఒకే మనిషి రెండు కార్డులు తీసుకుంటే ఇవి పట్టుకుంటాయి, నిజమే. కానీ మేడ ఉన్నవాడు తనని పేదవాడిగా రాయించుకుంటే? వాడి కంటిపాపలో ఆస్తి కనపడదు కదా!

అది కూడా కనిపెట్టడానికి తెలంగాణలో సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. వాహనాలు, ఆస్తులు, కరెంటు కనెక్షన్ల లాంటి డేటాబేసుల్లో పేర్లూ అడ్రసులూ పోల్చి, ఎవరికేముందో చెబుతుంది. ఒకే పేరుకి నాలుగు ఇంగ్లీషు స్పెల్లింగులుండే చోట ఆ పోలిక ఎంత కష్టమో మనకి వేరే చెప్పాలా? అక్కడ రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇంటికొచ్చి చూడకుండా కంప్యూటర్ మాట మీద తీసేశారన్నది ఆరోపణ. మళ్ళీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022 ఏప్రిల్లో కోర్టు చెప్పింది.

ఇక నా సంగతి. మాది ఆంధ్రాలో ఒక ఊరు. సొంత డాబా, నాన్నకి ఎరువుల కొట్టు. తెల్లకార్డూ ఉండేది. ఆ బియ్యం మేమెప్పుడూ వండుకోలేదు గానీ, నా ఇంజినీరింగ్ ఫీజు మాత్రం ఆ కార్డే కట్టింది. మమ్మల్ని ఏ మిషనూ పట్టుకోలేదు. మా ఇంట్లో అంట్లు తోమే అవ్వకి మాత్రం వేళ్ళరిగిపోయి ముద్ర పడక రెండు నెలలు బియ్యం రాలేదు.

అనర్హుణ్ణి వదిలేయడం ఒక తప్పు. అర్హుణ్ణి తీసేయడం ఇంకో తప్పు. మొదటిదానికి మనం పేజీలకి పేజీలు టెస్ట్ కేసులు రాస్తాం. రెండోదానికి ఎన్ని రాస్తాం?

ఆ రోజు లంచ్‌లో "నువ్వు తిడుతున్నవాళ్ళలో ఒకణ్ణి నీ పక్కనే కూర్చున్నా" అని చెప్పాల్సింది. నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.