జార్జియా శాసనసభలో జూలియన్ బాండ్: యువప్రతినిధి వాక్స్వాతంత్ర్యం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికాలోని జార్జియా రాష్ట్ర ప్రతినిధుల సభకు 1965లో ఎన్నికైన జూలియన్ బాండ్‌ను సభ్యుడిగా స్వీకరించడానికి ఆ సభ నిరాకరించింది. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించడమే అందుకు కారణం. విద్యార్థి ఉద్యమం నుండి చట్టసభకు, అక్కడి నుండి సుప్రీంకోర్టుకు సాగిన ఆయన ప్రస్థానాన్ని పరిశీలిస్తూ, ప్రతినిధి స్వేచ్ఛకూ ఓటరు హక్కుకూ గల సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: జూలియన్ బాండ్, జార్జియా, విద్యార్థి ఉద్యమం, వాక్స్వాతంత్ర్యం, ప్రాతినిధ్యం.

1. ఉపోద్ఘాతం

1966 జనవరి 10న అట్లాంటా నగరంలో సమావేశమైన జార్జియా ప్రతినిధుల సభ 184 – 12 ఓట్లతో ఒక తీర్మానాన్ని ఆమోదించింది. ప్రజలు ఎన్నుకొన్న జూలియన్ బాండ్‌ను సభలోకి అనుమతించరాదన్నది దాని సారాంశం. అప్పటికి ఆయన వయస్సు 25 ఏళ్లు. మరో నాలుగు రోజుల్లో 26 నిండుతాయి. ఆయన మీద అవినీతి ఆరోపణ లేదు. వయస్సు, నివాసం వంటి అర్హతల విషయంలో వివాదం లేదు. ప్రమాణం చేయడానికి ఆయన సిద్ధంగానే ఉన్నారు. సభకు అభ్యంతరం ఆయన అభిప్రాయం మీదనే.

ఈ ఘటనను వాక్స్వాతంత్ర్య చరిత్రలో ఒక న్యాయవిజయంగా పేర్కొనడం పరిపాటి. అయితే దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. ఉద్యమంలో రూపుదిద్దుకొన్న యువతరం చట్టసభ గడప దాటేటప్పుడు తన మాటను బయటే విడిచిపెట్టాలా అన్న ప్రశ్న ఇందులో ఇమిడి ఉంది. బాండ్ జీవితాన్ని ఆ ప్రశ్న వెలుగులో చూడవలసి ఉంది.

2. కుటుంబం, విద్య, ఉద్యమ ప్రవేశం

జూలియన్ బాండ్ 1940 జనవరి 14న టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో జన్మించారు. తండ్రి హోరెస్ మాన్ బాండ్ ప్రసిద్ధ విద్యావేత్త; పెన్సిల్వేనియాలోని లింకన్ విశ్వవిద్యాలయానికి తొలి నల్లజాతి అధ్యక్షుడు. తల్లి జూలియా గ్రంథాలయాధికారిణి. శాంతివాదులైన క్వేకర్లు నడిపే జార్జ్ స్కూల్‌లో బాండ్ చదువు సాగింది. యుద్ధం పట్ల ఆయన వైఖరికి మూలాలను ఈ నేపథ్యంలోనూ వెతకవచ్చు. 1957లో ఆయన అట్లాంటాలోని మోర్‌హౌస్ కళాశాలలో చేరారు.

1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు శ్వేతజాతీయులకే పరిమితమైన ఫలహారశాల బల్ల వద్ద కూర్చుని లేవడానికి నిరాకరించారు. ఆ వార్త అట్లాంటా విద్యార్థులను కదిలించింది. మార్చిలో అక్కడ మొదలైన బైఠాయింపుల్లో బాండ్ నగర పాలక భవనంలోని ఫలహారశాలలో కూర్చుని అరెస్టయ్యారు. ఏప్రిల్‌లో ఎల్లా బేకర్ చొరవతో రాలీ నగరంలో సమావేశమైన విద్యార్థులు ‘విద్యార్థి అహింసా సమన్వయ సంఘం’ నెలకొల్పారు. దాని ఆశయ ప్రకటన రచనలో ప్రముఖపాత్ర వహించిన జేమ్స్ లాసన్ అంతకుముందు నాగ్‌పూర్‌లో ఉండి గాంధీ సత్యాగ్రహ పద్ధతిని అధ్యయనం చేసినవారు. బాండ్ ఆ సంఘం స్థాపకుల్లో ఒకరై, 1961లో చదువు మధ్యలో ఆపి, దాని ప్రచార విభాగం బాధ్యత స్వీకరించారు. దక్షిణాది పల్లెల్లో ఓటర్ల నమోదుకు వెళ్లిన కార్యకర్తలపై జరిగిన దాడుల వివరాలను పత్రికలకు చేరవేయడం ఆయన పని.

3. జార్జియాలో యువ ఓటు: ఒక వైరుధ్యం

అమెరికాలో 18 ఏళ్లవారికి మొట్టమొదట ఓటు హక్కు ఇచ్చిన రాష్ట్రం జార్జియాయే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1943లో, గవర్నర్ ఎల్లిస్ ఆర్నాల్ హయాంలో ఈ మార్పు జరిగింది. యుద్ధానికి పంపదగిన వయస్సు ఓటుకు ఎందుకు తగదన్నది అప్పటి వాదం. కాని ఆనాటికి డెమోక్రటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికల్లో శ్వేతజాతీయులకు మాత్రమే ప్రవేశం ఉండేది. ఒకే పార్టీ ఆధిపత్యం ఉన్న రాష్ట్రంలో అసలు ఎన్నిక అదే. కనుక ఆ సంస్కరణ నల్లజాతి యువతకు దాదాపు కాగితం మీది హక్కుగానే మిగిలింది. న్యాయస్థానాల తీర్పులతో ఆ కట్టడి 1946లో తొలగింది. సైనికసేవకూ పౌరహక్కుకూ ముడిపెట్టిన ఆ రాష్ట్రమే ఇరవయ్యేళ్ల తర్వాత, సైనికసేవను ప్రశ్నించిన యువప్రతినిధిని బహిష్కరించడం గమనార్హం.

4. ఎన్నిక, నిరాకరణ

చట్టసభ స్థానాలు జనాభాకు అనుగుణంగా ఉండాలన్న 1964 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఫలితంగా జార్జియాలో నియోజకవర్గాల పునర్విభజన జరిగింది. 1965 జూన్‌లో జరిగిన ప్రత్యేక ఎన్నికల్లో నల్లజాతి అభ్యర్థులు పలువురు గెలిచారు. అట్లాంటాలోని 136వ నియోజకవర్గం నుండి ఎన్నికైన బాండ్ వారిలో ఒకరు. ఆయన ఇంటింటికీ తిరిగి, ప్రజలు ఏమి కోరుతున్నారో అడిగి తెలుసుకొని ప్రచారం చేశారు.

1966 జనవరి 3న అలబామాలోని టస్కీగీలో సామీ యంగ్ అనే విద్యార్థి హత్యకు గురయ్యాడు. నౌకాదళంలో పనిచేసి వచ్చిన ఆ యువకుడిని శ్వేతజాతీయులకు కేటాయించిన మరుగుదొడ్డి విషయమై తలెత్తిన వివాదంలో కాల్చిచంపారు. మూడు రోజుల తర్వాత విద్యార్థి సంఘం వియత్నాం యుద్ధాన్ని ఖండిస్తూ ప్రకటన విడుదల చేసింది. నిర్బంధ సైనికసేవకు వెళ్లడానికి ఇష్టపడని యువకుల పట్ల సానుభూతి ప్రకటించింది. బాండ్ దానిని సమర్థించారు. వెంటనే 75 మంది సభ్యులు ఆయన ప్రవేశాన్ని సవాలు చేశారు. రాజ్యాంగానికి కట్టుబడతానన్న ఆయన ప్రమాణం నిజాయితీతో కూడినది కాజాలదని వాదించారు. సైనికసేవ పత్రాన్ని తగులబెట్టమని తాను ఎవరికీ చెప్పలేదనీ, తన పత్రం తన జేబులోనే ఉందనీ బాండ్ విచారణలో తెలిపారు. సభ ఆ వివరణను పట్టించుకోలేదు.

5. సుప్రీంకోర్టు తీర్పు

బాండ్ న్యాయస్థానాన్ని ఆశ్రయించినప్పుడు ఆయన నియోజకవర్గ ఓటరు హోదాలో మార్టిన్ లూథర్ కింగ్ కూడా వాదిగా చేరారు. ఈ అంశానికి తగిన ప్రాధాన్యం ఇవ్వాలి. ఖాళీ అయినది బాండ్ కుర్చీ మాత్రమే కాదు. ఆ ప్రాంత ప్రజల స్థానం. దిగువ న్యాయస్థానంలో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు సభ పక్షాన నిలిచారు. ఈలోగా జరిగిన ప్రత్యేక ఎన్నికలో ప్రజలు బాండ్‌నే మళ్లీ పంపారు. సభ మళ్లీ తలుపు మూసింది. నవంబరు సాధారణ ఎన్నికలోనూ ఆయనే గెలిచారు. ఒకటిన్నర సంవత్సరాల వ్యవధిలో ఒకే ప్రజలు మూడుసార్లు ఒకే తీర్పు చెప్పారు.

1966 డిసెంబరు 5న ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ రాసిన తీర్పును సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వెలువరించింది. సభ్యుల నుండి ప్రమాణం కోరే అధికారం రాష్ట్రానికి ఉంది. ఆ ప్రమాణంలోని చిత్తశుద్ధిని కొలిచే నెపంతో భిన్నాభిప్రాయాన్ని అణచే అధికారం మాత్రం సభలోని ఆధిక్యవర్గానికి లేదు. శాసనసభ్యుడి విధేయతకు సామాన్య పౌరుడి కంటే కఠినమైన ప్రమాణం వర్తిస్తుందన్న రాష్ట్రం వాదాన్ని కోర్టు తోసిపుచ్చింది. వివాదాస్పద విషయాలపై ప్రతినిధి స్వేచ్ఛగా మాట్లాడినప్పుడే ప్రజలు అతని వైఖరిని తెలుసుకొని తీర్పు చెప్పగలుగుతారన్నది తీర్పులోని కీలకాంశం. 1967 జనవరిలో బాండ్ సభలో అడుగుపెట్టారు.

6. చట్టసభలో రెండు దశాబ్దాలు

1968లో షికాగోలో జరిగిన డెమోక్రటిక్ పార్టీ జాతీయ సమావేశంలో బాండ్ పేరును ఉపాధ్యక్ష పదవికి ప్రతిపాదించారు. రాజ్యాంగం ప్రకారం ఆ పదవికి 35 ఏళ్లు నిండాలి. ఆయనకు అప్పటికి 28. తన పేరును ఆయన ఉపసంహరించుకొన్నారు. దేశవ్యాప్తంగా 18 ఏళ్లకు ఓటు హక్కు కల్పించిన 26వ రాజ్యాంగ సవరణ 1971లో ఆమోదం పొందింది. అదే సంవత్సరం ఆయన పదేళ్ల క్రితం ఆపిన డిగ్రీ చదువును పూర్తిచేశారు.

1975 వరకు ప్రతినిధుల సభలోను, తర్వాత 1987 వరకు రాష్ట్ర సెనేట్‌లోను ఆయన కొనసాగారు. అట్లాంటాలో నల్లజాతీయులు అధికసంఖ్యలో ఉండే జాతీయ ప్రతినిధుల సభ నియోజకవర్గం ఏర్పడడానికి 1980ల ఆరంభంలో కృషిచేశారు. 1986లో ఆ స్థానానికే పోటీచేసి, ఉద్యమకాలపు మిత్రుడు జాన్ లూయిస్ చేతిలో ఓడిపోయారు. ఒకే ఉద్యమం నుండి వచ్చిన ఇద్దరు ఒకే స్థానానికి తలపడవలసి రావడం ఆ విజయాలకున్న పరిమితిని కూడా సూచిస్తుంది. తర్వాత ఆయన విశ్వవిద్యాలయాల్లో పౌరహక్కుల చరిత్రను బోధించారు. 1998 నుండి 2010 వరకు నల్లజాతి ప్రజల ప్రధాన హక్కుల సంస్థకు అధ్యక్షత వహించారు. 2015 ఆగస్టు 15న మరణించారు.

7. ముగింపు

పై పరిశీలన నుండి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది: ఓటు వయస్సు తగ్గింపు ఒక్కటే యువతకు ప్రాతినిధ్యం సమకూర్చదు, జార్జియా 1943 అనుభవం ఇందుకు నిదర్శనం. రెండవది: ప్రతినిధి నోరు మూయించడమంటే అతన్ని పంపిన ఓటర్ల నోరు మూయించడమే. మూడవది: బాండ్ ఉద్యమాన్ని విడిచి చట్టసభకు వెళ్లలేదు, ఉద్యమ సంఘం మాటను తనదిగా చెప్పుకొన్నందుకే సభ ఆయనను అడ్డుకొంది. ఆ మాటను వెనక్కు తీసుకొని ఉంటే సభాప్రవేశం సులభమయ్యేదేమో. కాని 1967లో ఆ కుర్చీలో కూర్చున్నది ఓటర్లు ఎన్నుకొన్న బాండ్ అయి ఉండేవారు కాదు.