డిస్నీ డాలర్: ఖర్చు కాని నోటు చరిత్ర

డిస్నీ డాలర్ అమెరికాలోని డిస్నీ వినోద పార్కులు 1987 నుంచి 2016 దాకా అమ్మిన కాగితపు నోటు. అసలు డాలరు ఒకటి ఇస్తే డిస్నీ డాలరు ఒకటి చేతికొచ్చేది. దానితో పార్కులో తినవచ్చు, బొమ్మలు కొనవచ్చు, అక్కడి హోటల్లో బిల్లు కట్టవచ్చు. మిగిలితే మళ్లీ అసలు డాలర్లుగా మార్చుకోవచ్చు. ప్రభుత్వం అచ్చువేసిన డబ్బు కాదు గనక గేటు దాటి డిస్నీది కాని కొట్లో ఇస్తే చెల్లదు. ఇవాళ నోట్ల సేకర్తలు దీన్ని బ్యాంకు నోటును చూసినంత శ్రద్ధగా భూతద్దం కింద పెట్టి చూస్తున్నారు. డెబ్భైకి ఇన్ని మార్కులని వేయించి, సీలు వేసిన ప్లాస్టిక్ తొడుగుతో వేలానికి తెస్తున్నారు. డబ్బుగా ఎంత తక్కువ పనిచేసిందో అంత ఎక్కువ ధర పలుకుతుంది. పాత నోట్లన్నిటికీ ఇది కొంతవరకు వర్తిస్తుంది. అయితే డిస్నీ డాలరు పుట్టినప్పుడే, చాలామంది దీన్ని ఖర్చుపెట్టరన్న అంచనా దాని వెనుక ఉంది.

పూర్వీకులు

సందర్శకుడి చేతికి జ్ఞాపకంగా డబ్బునే ఇవ్వడం డిస్నీ కనిపెట్టిన ఉపాయం కాదు. కొలంబస్ అమెరికా చేరి 400 ఏళ్లయిన సందర్భంగా 1893లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. దాని ఖర్చులకు సాయంగా అమెరికా టంకశాల 1892లోనూ 1893లోనూ కొలంబస్ బొమ్మతో అర డాలరు వెండి నాణేలు ముద్రించింది. అమెరికా ప్రభుత్వం వేసిన తొలి స్మారక నాణెం ఇదే. ముఖ విలువ 50 సెంట్లు, ప్రదర్శనలో అమ్మిన ధర ఒక డాలరు. మొట్టమొదట అచ్చయిన నాణేన్ని రెమింగ్టన్ టైపురైటర్ తయారీదారులు 10,000 డాలర్లకు కొన్నారు. ‘మొదటి నంబరు’ మీద జనానికుండే మోజు ఆనాటికే అంత గట్టిది.

మిగతా నాణేల కథ అంత ఘనంగా సాగలేదు. దాదాపు 50 లక్షలు ముద్రిస్తే అందులో సగం దాకా అమ్ముడుపోక కరిగించేశారు. మిగిలినవాటిలో చాలా భాగం ముఖ విలువకే బజారులోకి వెళ్లాయి. అందుకే ఈనాటికీ అరిగిపోయిన కొలంబస్ అర డాలర్లు బోలెడన్ని దొరుకుతాయి. వాటి ధర అందులోని వెండి ధరకు మరీ ఎక్కువేమీ ఉండదు. పుట్టిన మెరుపు చెక్కుచెదరని నాణెం కోసం మాత్రం పోటీ ఉంటుంది. బజారులో తిరిగితే తరుగు, పెట్టెలో ఉంటే పెరుగు అన్న సూత్రం జ్ఞాపికల డబ్బు విషయంలో అక్కడే స్థిరపడింది. ఒక సెంటు నాణేన్ని మర రోలర్ల మధ్య నొక్కి సాగదీసి, దాని మీద బొమ్మ వేసి ఇచ్చే ఆచారం కూడా ఆ ప్రదర్శనతోనే పేరుకెక్కింది. వినోద పార్కుల్లో ఆ మరలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి.

డిస్నీ పార్కులోనే ఇంకో పూర్వీకుడు ఉన్నాడు: టికెట్ల పుస్తకం. 1955లో కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచాక, ఒక్కో ఆటకూ ఒక్కో టికెట్ చింపి ఇచ్చే పుస్తకాలు అమ్మారు. టికెట్లకు ఏ, బీ, సీ అంటూ తరగతులుండేవి. అన్నిటికన్నా ఉత్సాహమిచ్చే ఆటల కోసం 1959లో ‘ఈ’ టికెట్ వచ్చింది. అమెరికన్ ఇంగ్లీషులో ఈ-టికెట్ అన్న మాటకు ‘అత్యంత గొప్ప అనుభవం’ అన్న అర్థం అక్కడి నుంచే వచ్చింది. 1982లో ఈ పద్ధతి పోయింది. ఇంటికెళ్లేసరికి పర్సులో మిగిలేవి ఎక్కువగా నిదానంగా నడిచే బండ్ల ‘ఏ’ టికెట్లే. ‘ఈ’ టికెట్లను పిల్లలు మిగలనిస్తారా! సేకర్తల బజారులో వాడని ‘ఈ’ టికెట్‌కు గిరాకీ ఎక్కువ ఉండటానికి మూలం, నలభై అరవై ఏళ్ల కింద ఆ పిల్లలు చూపిన తొందరే.

1987: మిక్కీ మౌస్ బొమ్మతో

డిస్నీల్యాండ్‌లో సందర్శకుల బొమ్మలు గీసే చిత్రకారుడు హ్యారీ బ్రైస్‌కు ఈ నోట్ల ఆలోచన వచ్చింది. పార్కు నిర్వహణలో పెద్దస్థానంలో ఉన్న జాక్ లిండ్‌క్విస్ట్ దాన్ని ముందుకు నడిపాడు. 1987 మే 5న డిస్నీల్యాండ్‌లో నోట్ల అమ్మకం మొదలైంది. అదే ఏడాది అక్టోబర్ 2న ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఎప్‌కాట్ దగ్గర అమ్మడం ప్రారంభించారు. ఒక డాలరు నోటు మీద మిక్కీ మౌస్, అయిదు డాలర్ల మీద గూఫీ. 1989లో మిన్నీ మౌస్ బొమ్మతో పది డాలర్ల నోటు వచ్చి చేరింది.

నోటు మీద ఖజానాదారుగా సంతకం స్క్రూజ్ మెక్‌డక్‌ది. 1947లో కార్ల్ బార్క్స్ సృష్టించిన ఈ పిసినారి బాతు, తన ఇనప్పెట్టెలోని నాణేల్లో ఈత కొడుతూ ఉంటుంది. తొంభైలలో ఆదివారం దూరదర్శన్‌లో ‘డక్‌టేల్స్’ చూసిన మన పిల్లలకూ ఇది తెలిసిన బాతే. ఆ కార్టూన్ అమెరికాలో మొదలైంది కూడా నోట్లు వచ్చిన 1987లోనే. పైసా ఖర్చుపెట్టడానికి ప్రాణం విలవిల్లాడే వాడి సంతకంతో నోటు అచ్చువేయడం, ‘దీన్ని దాచుకో’ అని కొనేవాడి చెవిలో చెప్పడమే.

కంపెనీకి ఇందులో లాభం ఎక్కడుందో ఊహించడం కష్టం కాదు. నోటు కొన్న క్షణంలోనే అసలు డాలరు కంపెనీ గల్లాపెట్టెలో పడింది. ఆ నోటు తిరిగి వచ్చే దాకా ఆ డాలరు వడ్డీ లేని అప్పులాంటిది. నోటు ఫ్రేము కట్టి గోడకెక్కితే ఆ అప్పు తీర్చే పనే లేదు. మిగిలేది కాగితం, సిరా ఖర్చు. గిఫ్ట్ కార్డులు అమ్మే కంపెనీలకూ ఇదే లెక్క కలిసొస్తుంది. డిస్నీ నోటు మీద మిక్కీ ఉన్నాడు గనక జనం తిరిగి ఇవ్వకుండా సంతోషంగా ఉంచుకున్నారు.

అచ్చులో అజాగ్రత్త లేదు. పరిమాణంలో అమెరికా నోటుకు దగ్గరగా, సీరియల్ నంబరుతో, కాగితంలో మెరిసే చిన్న తళుకు చుక్కలతో నోట్లు వచ్చాయి. డిస్నీల్యాండ్ నోట్ల సీరియల్ ‘ఏ’ అక్షరంతోనూ, డిస్నీ వరల్డ్ నోట్ల సీరియల్ ‘డీ’ అక్షరంతోనూ మొదలయ్యేవి. కాలం గడిచేకొద్దీ కొత్త బొమ్మలు, ఉత్సవాల ప్రత్యేక నోట్లు వచ్చాయి. 2005లో డిస్నీల్యాండ్‌కు యాభై ఏళ్లు నిండినప్పుడు చిత్రకారుడు చార్లెస్ బోయర్ గీసిన మిక్కీతో 50 డాలర్ల నోటు వచ్చింది. జ్ఞాపకం కోసం 50 డాలర్లు లాక్ చేసి కూచునే కుటుంబాలు తక్కువే కాబట్టి, చిన్న నోట్ల కన్నా దీనికి సేకర్తల్లో ఎక్కువ మర్యాద.

మార్కులు వేసే విద్య

మొదట్లో డిస్నీ డాలరు మంచిదా చెడ్డదా అని తేల్చింది సేకర్తల కన్నే. ‘కొత్తది’, ‘కాస్త వాడినది’, ‘నలిగింది’ అనే మూడు మాటలతో పని జరిగిపోయేది. అమ్మేవాడి ‘కొత్తది’ కొనేవాడికి ‘కాస్త వాడినది’గా కనిపించడం వల్ల తగాదాలూ వచ్చేవి. దీనికి మందు నాణేల లోకం నుంచి వచ్చింది.

1949లో విలియం షెల్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, అమెరికా తొలినాటి పెద్ద సెంటు నాణేల మీద ఒక పుస్తకం రాస్తూ 1 నుంచి 70 దాకా అంకెల కొలమానం పెట్టాడు. మనుషుల శరీరాకృతులకు కూడా అంకెలు వేసి వర్గీకరించిన పెద్దమనిషి ఆయన. లెక్క ఏమిటంటే, 70 మార్కుల నాణెం ఒక మార్కు నాణేనికి 70 రెట్లు ధర చేయాలి. ధరలు ఆ మాట వినలేదు, రెట్లు ఎప్పుడో చెదిరిపోయాయి. అంకెలు మాత్రం నిలిచాయి. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ భద్రపరచిన నాణేల్లో మేలైనవి తీసుకుని, వాటి స్థానంలో తన నాసి నాణేలు పెట్టాడని షెల్డన్ చనిపోయాక తేలింది. నమ్మకానికి కొలబద్ద ఇచ్చినవాడే ఇలా చేస్తే, మూడో మనిషి చేత మార్కు వేయించి సీలు కొట్టించాలన్న ఆలోచనకు వేరే వాదన అవసరం లేదు.

1986లో పీసీజీఎస్ అనే సంస్థ నాణేలకు మూడో పక్షంగా మార్కులు వేసి, కదపడానికి వీల్లేని ప్లాస్టిక్ పలకలో బిగించి ఇవ్వడం మొదలుపెట్టింది. కాగితపు నోట్ల కోసం 2005లో పేపర్ మనీ గ్యారంటీ, క్లుప్తంగా పీఎంజీ, వచ్చింది. డిస్నీ 50 డాలర్ల నోటు, పీఎంజీ రెండూ ఒకే ఏడాది పుట్టడం యాదృచ్ఛికం. డిస్నీ డాలర్లు ఈ బల్లల మీదకు చేరి, ప్రభుత్వ నోట్లకు వాడే కొలమానంతోనే మార్కులు తెచ్చుకుంటున్నాయి.

పరీక్షకుడు చూసేవి మనింట్లో పాత నోటు చూసేవాళ్లు చూసేవే, కాకపోతే మరింత నిర్దయగా. మొదట మడతలు. నోటును సగానికి మడిచి జేబులో పెట్టారా అంటే 60 దాటే ఆశ పోయినట్టే. 60 నుంచి 70 దాకా ఉన్న అంతస్తు చెలామణీలోకి వెళ్లని నోట్లది. లెక్కపెట్టేటప్పుడు మూలలో పడిన చిన్న ముడుత కూడా మార్కు తగ్గించగలదు. తరువాత మూలలు: సూదిగా ఉన్నాయా, మొద్దుబారాయా. ఆపైన బొమ్మ చుట్టూ తెల్లని అంచు నాలుగు వైపులా సమంగా ఉందా అన్నది. నోటు ఎంత కొత్తదైనా కత్తెర పక్కకి జరిగి ఒక అంచు సన్నబడితే, అది అచ్చుయంత్రం చేసిన తప్పయినా మార్కు పోయేది నోటుకే.

65 గానీ ఆపైన గానీ రావాలంటే ఇంకో గడప దాటాలి. కాగితం సహజస్థితిలో ఉందని పీఎంజీ ఈపీక్యూ అన్న ముద్ర వేస్తుంది. ఆ ముద్ర లేకుండా ఏ నోటూ 65 అందుకోదు. ఉతికిన నోటు, ఇస్త్రీ చేసిన నోటు, అతికిన నోటు, అంచు కత్తిరించిన నోటు ఇక్కడే దొరికిపోతాయి. మడత మాయం చేద్దామని బరువైన పుస్తకం కింద పెట్టినా, ఆవిరి పట్టినా, పెళపెళలాడే కాగితపు స్వభావం మారుతుంది. అనుభవమున్న వేలు దాన్ని కనిపెడుతుంది. నోటును బాగుచేద్దామనుకున్నవాడు ధరను తగ్గించుకున్నవాడే అవుతాడు.

పిల్లల ఆల్బముల్లో పెట్టినవి వేరే కథ. చవకరకం మెత్తని పీవీసీ ప్లాస్టిక్ నుంచి, దాన్ని మెత్తబరచేందుకు కలిపిన రసాయనాలు కాలక్రమంలో బయటికి ఊరి కాగితాన్ని జిగటగా, పచ్చగా చేస్తాయి. ఎవరూ ఖర్చుపెట్టని నోటు కూడా ఇలా పాడవుతుంది. సేకర్తలు వాడే గట్టి పాలియెస్టర్ తొడుగులు పీవీసీలా ఊరవు.

ధర ఎలా కుదురుతుంది

మార్కు ఒక్కటే ధర చెప్పదు. ఏ ఏడాది, ఏ పార్కు అక్షరం, ఎంత విలువ నోటు అన్నవి మొదటి లెక్క. చిన్న సీరియల్ నంబర్లకు, ఒకే అంకె వరసగా వచ్చినవాటికి, ముందు నుంచీ వెనుక నుంచీ ఒకేలా చదివించేవాటికి అదనపు గిరాకీ. మన దగ్గర 786 నంబరు నోటు కోసం ఎదురుచూసే మనసే అది. ఒకటి, అయిదు, పది డాలర్ల నోట్లు మూడింటికీ ఒకే నంబరు కుదిరితే ఆ సెట్‌ను విడగొట్టడానికి ఎవరూ ఒప్పుకోరు.

ఇంకో విషయం: డిస్నీ డాలర్ ధరకు కింద ఒక నేల ఉంది. పార్కు ఇప్పటికీ ముఖ విలువకు తీసుకుంటుంది కాబట్టి పది డాలర్ల నోటు ఎంత నలిగినా పది డాలర్ల కంటే దిగదు. పార్కు దాకా వెళ్లగలిగినవాడికే ఈ హామీ. అదీ నిలకడైన నేల కాదు, కుంగుతున్న నేల. 1987లో ఒక డాలరుకు దొరికినదానికి 2024లో సుమారు రెండు డాలర్ల డెబ్భై అయిదు సెంట్లు పెట్టాలి. అంటే 1987లో దాచి, ఇవాళ ముఖ విలువకే మార్చుకున్న మిక్కీ నోటు యజమానికి మూడింట రెండొంతుల దాకా పోగొట్టింది. మడతపడిన ఒక డాలరు నోట్లతో సొరుగు నింపుకున్నవారికి ఈ లెక్క చేదుగా ఉంటుంది. ఎక్కువ మంది దాచుకున్నదీ ఒక డాలరు నోటునే. పది డాలర్ల నోటు తిండికో బొమ్మకో మళ్లీ గల్లాపెట్టెకు చేరిపోయే అవకాశం ఎక్కువ. దాచుకున్నవారు ఎక్కువైన కొద్దీ అరుదుదనం తగ్గుతుంది.

అమ్మకం దగ్గర పొరపాటు ఎక్కువగా జరిగేది, అడిగే ధరను పలికిన ధరగా అనుకోవడంలో. ఎవడైనా మిక్కీ నోటుకు వెయ్యి డాలర్లు చెప్పవచ్చు. వేలం ముగిసి చేతులు మారిన ధరే సాక్ష్యం. చవక నోటును మార్కు వేయించడానికి పంపితే ఆ రుసుము, తపాలా కలిపి నోటు ధరను మించిపోతాయి. పీఎంజీ తొడుగు మంచి నోటు ధరను నిలబెడుతుంది, మామూలు నోటును మంచి నోటుగా మార్చదు.

అమ్మకాలు ఆగాక

2016 మే 14న డిస్నీ డాలర్ల అమ్మకం ఆగిపోయింది. జనం పర్సుల్లో నోట్ల కన్నా కార్డులే మిగిలిన రోజులవి. పార్కుల గిఫ్ట్ కార్డులు ఆ పని చేసిపెడుతున్నాయి. పాత నోట్లకు కాలపరిమితి పెట్టలేదు. అప్పటికి అచ్చయినవి తప్ప కొత్తవి రావు గనక, అప్పుడే సేకర్తల్లో కదలిక పెరిగింది.

అంతకు ఏడాది ముందు ఫ్రాన్స్‌లో రిషార్ ఫాయ్ అనే ఆయన మరో ప్రయోగం చేశాడు. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు అనుమతితో, అసలు నోట్లు ముద్రించే ఒబెర్తుర్ ముద్రణాలయంలో, బ్యాంకు నోటు కాగితం మీద ‘సున్న యూరో’ నోట్లు వేయించి పర్యాటక స్థలాల్లో రెండు మూడు యూరోలకు అమ్మాడు. దానికి ముఖ విలువ లేదు, తిరిగి తీసుకునే బాధ్యతా లేదు. డిస్నీ తన నోటుకు డబ్బిస్తానని మాట ఇచ్చి, జనం ఆ మాట వాడుకోకపోవడం మీద సంపాదించింది. సున్న యూరో ఆ మాటే ఇవ్వలేదు. దాన్నీ నంబర్లు చూసి, అంచులు చూసి సేకర్తలు కొనుక్కుంటున్నారు.